చేప కొలిచేది రాత్రిని

అందరికీ నమస్కారం.

ముందు మిమ్మల్ని ఒక గదిలోకి తీసుకెళ్తాను. రాత్రి 2 గంటలు. గది నిండా వరసగా ట్యాంకులు. గాలి కొట్టే పంపుల బుడబుడ తప్ప వేరే చప్పుడు లేదు. లైట్లన్నీ ఆర్పేసి ఉన్నాయి. మా దగ్గరున్నదల్లా ఒక మసక ఎర్ర లైటు. ఆ వెలుగుకు చేప పెద్దగా స్పందించదు కాబట్టి రాత్రిపూట దాంతోనే పని చేస్తాం. ఒకరు వలతో చేపను తీసి మత్తుమందు కలిపిన నీళ్లలో వేస్తారు. అది పక్కకు ఒరగగానే తోక దగ్గర వెన్నెముక కింద సాగే రక్తనాళంలోకి సన్నటి సూది పెట్టి కొంచెం రక్తం తీస్తాం. ఇదంతా రెండు మూడు నిమిషాల్లో అయిపోవాలి. వల తగిలిన క్షణం నుంచే చేపకు టెన్షన్ మొదలవుతుంది, కాసేపటికే రక్తంలో కార్టిసాల్ అనే హార్మోను పైకి లేస్తుంది. ఆలస్యం చేశామా, మేం కొలిచేది రాత్రి 2 గంటల కార్టిసాల్‌ను కాదు, మా వల పుట్టించిన భయాన్ని.

అందుకే ఒకసారి రక్తం తీసిన చేపను ఆ రోజు మళ్లీ ముట్టుకోం. నాలుగు గంటలకోసారి తీస్తాం, ప్రతిసారీ కొత్త చేపల దగ్గర్నుంచి. అలా 24 గంటలు తిరిగొస్తే, రక్తంలో హార్మోన్లు ఎప్పుడు పెరిగాయో ఎప్పుడు తగ్గాయో చూపే ఒక గీత వస్తుంది. ఆ గీత గురించే ఇవాళ నా మాటలు.

ఒక రాత్రి ఆ గదిలో జరిగింది చెప్తాను. సంగతి తెలియని ఒకాయన ఏదో వస్తువు కోసం లోపలికొచ్చి ట్యూబ్‌లైటు వేశాడు. ఆర్పడం మర్చిపోయి వెళ్లిపోయాడు. మేం చూసుకునేసరికి అరగంట దాటింది. ఆ తర్వాత తీసిన రక్తంలో మెలటోనిన్ దాదాపు మధ్యాహ్నం ఎంతుంటుందో అంతే ఉంది. గడియారంలో అర్ధరాత్రి దాటి చాలాసేపయింది, చేప ఒంట్లో మాత్రం పగలు. వారాల తరబడి సిద్ధం చేసుకున్న ప్రయోగం పోయిందని ఆ రోజు చాలా బాధపడ్డాను. కానీ అరగంట వెలుతురు ఒక ప్రాణి రక్తాన్ని అంతలా మార్చేస్తుందని పుస్తకంలో చదవడం వేరు, మన చేతి కింద చూడడం వేరు. నాకు ఆ రాత్రి అర్థమైంది.

మెలటోనిన్ అంటే ఏమిటి? రాత్రి హార్మోను. చేపల్లోనే కాదు, మనలోనూ చీకటి పడితేనే తయారవుతుంది. పరిమాణం చూస్తే ఆశ్చర్యమేస్తుంది. ఒక మిల్లీలీటరు రక్తంలో పగలు కొన్ని పదుల పికోగ్రాములు, రాత్రి కొన్ని వందల పికోగ్రాములు. పికోగ్రామ్ అంటే గ్రాములో లక్ష కోట్ల వంతు. ఆ కాస్తంత పదార్థమే ఒళ్లంతటికీ "పొద్దు గుంకింది" అని కబురు చేరవేస్తుంది.

మనకూ చేపకూ పెద్ద తేడా ఒకటుంది. మనలో ఈ హార్మోనును తయారుచేసే పీనియల్ గ్రంథి మెదడు లోపల ఎక్కడో చీకట్లో ఉంటుంది. దానికి వెలుగు సంగతి చెప్పాల్సింది కళ్లే. చేపలో అలా కాదు. దాని పీనియల్ మెదడు పైభాగాన, పుర్రెకు సరిగ్గా కింద ఉంటుంది. చాలా చేపల్లో ఆ చోట పుర్రె పలచబడి, చర్మంలో రంగు కూడా తక్కువై, ఒక చిన్న కిటికీలా ఉంటుంది. ఆ గ్రంథిలోని కణాలే వెలుగును నేరుగా పసిగడతాయి. మన కంటి రెటీనాలో ఉండే కోన్ కణాలకు అవి దగ్గరి చుట్టాలు. దీన్ని మూడో కన్ను అంటుంటారు. నాకు ఆ మాట అంత నచ్చదు. కన్ను అంటే బొమ్మ కట్టాలి. ఇది బొమ్మ కట్టదు, దేన్నీ చూడదు. ఎంత వెలుతురుంది, ఎంతసేపు ఉంది, ఆ రెండే దానికి కావాలి.

ఈ సంగతి మొదట బయటపడిన తీరు నాకెంతో ఇష్టం. 1911లో కార్ల్ వాన్ ఫ్రిష్ అనే యువ శాస్త్రవేత్త మిన్నో అనే చిన్న చేపలతో పని చేస్తున్నాడు. తేనెటీగల నాట్యం గుట్టు విప్పి 1973లో నోబెల్ అందుకున్నాయన, ఆయనే. కళ్లు లేని మిన్నోల నుదుటి మీద వెలుగు పడితే ఒళ్లు నల్లబడుతోంది, నీడ పడితే పాలిపోతోంది. కళ్లు లేకుండా చేపకు వెలుగు ఎలా తెలిసింది? నుదుటి కింద పీనియల్ ఉంది కాబట్టి అదే అయ్యుంటుందని అందరికీ తోస్తుంది. ఆయన దాన్నీ తీసేసి చూశాడు. అయినా చేప రంగు మారుతూనే ఉంది! అంటే పీనియల్ ఒక్కటే కాదు, మెదడు లోతుల్లో ఇంకెక్కడో కూడా వెలుగును పట్టే చోటు ఉండాలి. ఈ మాట గుర్తుంచుకోండి, నూరేళ్ల తర్వాత మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

తర్వాత 1917లో ఇద్దరు పరిశోధకులు ఆవు పీనియల్ గ్రంథి సారాన్ని కప్ప పిల్లలకు ఇస్తే వాటి చర్మం తేటబడి దాదాపు పారదర్శకమైపోయింది. ఆ సారంలో ఏముందో తేలడానికి ఇంకో నలభై ఏళ్లు పట్టింది. 1958లో ఆరన్ లెర్నర్ అనే చర్మవైద్యుడు, చర్మ జబ్బులకు పనికొచ్చే పదార్థం కోసం వెతుకుతూ, వేలకొద్దీ ఆవు పీనియల్ గ్రంథుల నుంచి ఆ పదార్థాన్ని విడదీసి మెలటోనిన్ అని పేరు పెట్టాడు. ఆయన వెతికింది చర్మం కోసం. దొరికింది రాత్రి.

ఇప్పుడు ఆ పీనియల్ కణం లోపలికి వెళ్దాం. కొంచెం ఓపిక పట్టండి, ఇక్కడే అసలు పనితనం ఉంది. తిండిలోంచి వచ్చే ట్రిప్టోఫాన్ అనే పదార్థం సెరటోనిన్ అనే ఇంకో పదార్థంగా మారుతుంది. సెరటోనిన్ రెండు అడుగుల్లో మెలటోనిన్ అవుతుంది. మొదటి అడుగు వేయించే ఎంజైమును ఏఏఎన్ఏటీ అంటారు. తాళంచెవి దీని చేతిలోనే ఉంది. చీకట్లో ఆ కణంలోకి కాల్షియం వస్తూ ఉంటుంది, ఎంజైము నిలకడగా ఉండి మెలటోనిన్ చేస్తూ పోతుంది. వెలుగు పడగానే కాల్షియం తగ్గుతుంది. అప్పుడు కణం ఆ ఎంజైమును ఆపి ఊరుకోదు, ముక్కలు ముక్కలుగా తునిచేస్తుంది. పాత ప్రోటీన్లను నలగ్గొట్టే యంత్రం ఒకటి ప్రతి కణంలోనూ ఉంటుంది, ప్రోటియాసోమ్ అంటారు, ఎంజైమును దాంట్లో పడేస్తుంది. తయారైన మెలటోనిన్ కణంలో నిల్వ ఉండదు, ఎప్పటికప్పుడు రక్తంలోకి పోతుంది, రక్తంలోనూ ఎక్కువసేపు నిలవదు. అందుకే నా ప్రయోగంలో అరగంట వెలుతురుకే అంతా అయిపోయింది.

దీనివల్ల ఏమవుతుందంటే, రాత్రి ఎంతసేపు ఉంటే మెలటోనిన్ అంతసేపు ఉంటుంది. మనం పగటి నిడివి అంటాం గానీ చేప ఒంట్లో లెక్క రాసుకునేది రాత్రి నిడివినే. భూమధ్యరేఖ దగ్గర ఏడాదంతా పగలు 12 గంటల చుట్టూనే తిరుగుతుంది. అదే 60 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర జూన్‌లో పగలు దాదాపు 19 గంటలు, డిసెంబర్‌లో దాదాపు 6 గంటలు. అక్కడి చేప రక్తంలో డిసెంబర్ మెలటోనిన్ గీత వెడల్పాటి పీఠభూమిలా ఉంటే, జూన్ గీత సన్నటి మొలకలా ఉంటుంది.

ఇందాక ఎవరో చీటీ పంపారు. "మార్చిలోనూ సెప్టెంబర్‌లోనూ పగలు ఒకే నిడివి కదా, వసంతం వస్తోందో శీతాకాలం వస్తోందో చేపకు ఎలా తెలుస్తుంది?" అని. చాలా మంచి ప్రశ్న. మొదటి సమాధానం, నీటి వేడి. మెలటోనిన్ గీత వెడల్పును రాత్రి నిర్ణయిస్తే, ఎత్తును చాలావరకు నీటి వేడి నిర్ణయిస్తుంది. చేపది చల్లటి నెత్తురు కాబట్టి ఏఏఎన్ఏటీ నీళ్ల వేడిలోనే పని చేయాలి. ఒక్కో జాతిలో ఆ ఎంజైము ఒక్కో వేడి దగ్గర బాగా పనిచేస్తుంది. ట్రౌట్‌లో 12 డిగ్రీల సెల్సియస్ దగ్గర, పైక్‌లో 20 దగ్గర, జీబ్రాఫిష్‌లో 30 దగ్గర. ఆ చేప ఏ నీళ్లలో హాయిగా బతుకుతుందో ఎంజైమూ ఆ నీళ్లకే అమరింది. మార్చిలో నీళ్లు ఇంకా చలి వదలవు, సెప్టెంబర్‌లో వేసవి వేడి ఇంకా మిగిలే ఉంటుంది. రాత్రి నిడివి ఒకటే అయినా గీత ఎత్తు వేరు. గంటలూ వేడీ రెండూ కలిపి చదివితే నెల తెలిసిపోతుంది.

రెండో సమాధానం, దిక్కు. పగలు పెరుగుతోందా తరుగుతోందా అన్నది. రెయిన్‌బో ట్రౌట్ మామూలుగా చలికాలానికి అటూ ఇటూ గుడ్లు పెడుతుంది. దానికి ఏడాది మొదట్లో పొడుగు పగళ్లు చూపించి తర్వాత పొట్టి పగళ్లలోకి మారిస్తే గుడ్లు నెలల ముందే వస్తాయి. ఇక్కడ పని చేసేది ఇన్ని గంటలు అన్న అంకె కాదు, పొడుగు నుంచి పొట్టికి జరిగిన మార్పు. ట్రౌట్ ఒంట్లో ఏడాది లెక్క ఒకటి తనంతట తాను నడుస్తుంటుంది, ఆ మార్పు దాన్ని సర్దుతుంది. ఏడాది పొడవునా ట్రౌట్ గుడ్లు దొరుకుతున్నాయంటే ఈ సంగతి తెలియడం కూడా ఒక కారణం.

ఇక్కడ ఇంకో విచిత్రం. పైక్ పీనియల్ గ్రంథిని విడిగా తీసి గాజు పళ్లెంలో, పోషక ద్రవంలో, పూర్తి చీకట్లో ఉంచినా అది రాత్రివేళకు మెలటోనిన్ పెంచుతూ, పగటివేళకు తగ్గిస్తూ రోజుల తరబడి నడుస్తుంది. దానిలోనే గడియారం ఉంది. ట్రౌట్ పీనియల్‌ను అలాగే చీకట్లో ఉంచండి, మెలటోనిన్ ఎప్పుడూ ఎక్కువగానే ఉంటుంది, హెచ్చుతగ్గులు రావు. దానికి చీకటే రాత్రి, వెలుగే పగలు. రెండూ చేపలే, రెండూ చల్లటి నీళ్లలోవే. చేపలన్నిటినీ ఒకే గాటన కట్టొద్దని విద్యార్థులకు నేను పదే పదే చెప్పేది ఇందుకే.

జీబ్రాఫిష్ సంగతి ఇంకా దూరం పోయింది. దాని గుండెనూ మూత్రపిండాన్నీ బయటికి తీసి పళ్లెంలో పెంచి వెలుగు చీకట్లు మారిస్తే, ఆ అవయవాలే నేరుగా వెలుగును బట్టి తమ గడియారాన్ని సరిచేసుకున్నాయని 2000లో తేలింది. కళ్లతో పని లేదు, మెదడుతో పని లేదు. ఒళ్లు అంత పలుచన, వెలుగు లోపలిదాకా పోతుంది. మరి మెలటోనిన్ ఏం చేస్తున్నట్టు? 2015లో అది తయారుచేయలేని జీబ్రాఫిష్‌ను చూశారు. కణాల్లో గడియారం మామూలుగానే నడుస్తోంది, కానీ రాత్రి నిద్ర బాగా తగ్గిపోయింది. గంట తెలుసు, ఆ గంటకు చేయాల్సింది మాత్రం ఒంటికి అందడం లేదు.

ఇక కార్టిసాల్. దీన్ని టెన్షన్ హార్మోను అంటాం గానీ, ఏ టెన్షనూ లేని రోజున కూడా దానికి ఒక లయ ఉంటుంది. మెదడు తన అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథికి చెప్తుంది, పిట్యూటరీ తల వైపు మూత్రపిండంలో ఉండే కణాలకు చెప్తుంది. మనలో అడ్రినల్ గ్రంథి చేసే పని చేపలో అక్కడ జరుగుతుంది. పగలు తిరిగే చాలా చేపల్లో తెల్లారేముందు అది పెరుగుతుంది, ఒంటిని లేపి తిండికి సిద్ధం చేస్తుంది. కానీ దీని గురించి గట్టిగా ఒక్క సూత్రం చెప్పడానికి నాకు నోరు రాదు. తిండి పెట్టే వేళ మార్చితే కార్టిసాల్ వేళ కూడా జరిగిపోతుంది. రాత్రి తిరిగే జాతుల్లో లెక్క తలకిందులు. మెలటోనిన్ అంత నికార్సుగా పగటిని అనుసరించే హార్మోను ఇంకొకటి లేదు. మిగతావన్నీ పగటి మాట వింటూనే తిండి మాట, నీటి మాట, పక్క చేప మాట కూడా వింటాయి. థైరాయిడ్ హార్మోన్లకూ రోజువారీ లయ ఉంది, వాటి సంగతి రుతువుల దగ్గర చెప్తాను.

నన్ను బాగా ఆలోచింపజేసిన పాత ప్రయోగం ఒకటుంది. 1967 నాటిది. గోల్డెన్ టాప్‌మిన్నో అనే చిన్న చేపకు ప్రొలాక్టిన్ ఇంజెక్షన్ ఇచ్చారు. అదే హార్మోను, అదే మోతాదు. రోజులో ఒక వేళ ఇస్తే ఒంట్లో కొవ్వు పెరిగింది, ఇంకో వేళ ఇస్తే తగ్గింది. హార్మోను అంటే "ఎంత" అనే అడుగుతాం మనం. రక్తపరీక్ష కాగితం మీద కూడా ఎంత అనే ఉంటుంది. చేప ఒళ్లు మాత్రం "ఎప్పుడు" అని అడుగుతోంది.

ఇప్పుడు రోజుల నుంచి రుతువులకు వెళ్దాం, వాన్ ఫ్రిష్ దగ్గర వదిలిన దారం పట్టుకుందాం. చేప మెదడు అడుగున, పిట్యూటరీకి కాస్త వెనక, రక్తనాళాలతో నిండిన ఒక చిన్న సంచి ఉంటుంది. శాకస్ వాస్కులోసస్ అంటారు. దీన్ని శతాబ్దాల కిందటే చూశారు, పని మాత్రం ఎవరికీ తెలియలేదు. 2013లో జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయ బృందం మాసు సాల్మన్‌లో దాని గుట్టు విప్పింది. ఆ సంచి కణాల్లో వెలుగును పట్టే ప్రోటీన్లు ఉన్నాయి. పగటి నిడివిని పోల్చుకున్న కబురును థైరాయిడ్ హార్మోను భాషలోకి మార్చే సరంజామా అంతా అక్కడే ఉంది. ఆ సంచిని తీసేస్తే, పగటి నిడివి మార్చినప్పుడు బీజకోశాల్లో రావాల్సిన మార్పు రాలేదు. కళ్లూ పీనియలూ పోయినా వెలుగు తెలిసిన ఆ మిన్నోల కథలో 'ఇంకెక్కడో' అన్న చోట్లలో ఇదొకటి.

అట్లాంటిక్ సాల్మన్ దగ్గర ఈ రుతువుల లెక్క కంటికి కనిపిస్తుంది. నదిలో పుట్టిన పిల్ల చేప ఒంటి మీద వేలిముద్రల్లాంటి నల్లటి మచ్చలు ఉంటాయి. సముద్రానికి పోవాల్సిన వసంతం వచ్చేసరికి ఆ మచ్చలు మాయమై, ఒళ్లంతా వెండి రేకులా మెరుస్తుంది. లోపల ఇంకా పెద్ద మార్పు. నదిలో ఉన్నన్నాళ్లూ మొప్పలు నీళ్లలోంచి ఉప్పును లోపలికి లాగాయి. ఇక మీదట అవే మొప్పలు ఉప్పును బయటికి తోడిపోయాలి. గ్రోత్ హార్మోను, కార్టిసాల్, థైరాయిడ్ అన్నీ కలిసి ఈ పని చేయిస్తాయి. ఇంతటికీ పొద్దు పెరగడమే సైగ. అయితే ఆ పొడుగు పగళ్లకు ముందు కొన్ని వారాలు పొట్టి పగళ్లు గడిచి ఉండాలి. చలికాలం చూడని చేపకు వసంతం అర్థం కాదు. పుట్టిన దగ్గర్నుంచి దీపాల కిందే పెంచి ఒక్కసారిగా సముద్రంలో వదిలితే దాని మొప్పలు ఉప్పుకు సిద్ధంగా ఉండవు.

చేపల పెంపకంలో దీపాలు వాడడాన్ని నేను తప్పు పట్టను. చలికాలం పొడవునా సాల్మన్ పంజరాల్లో రాత్రంతా దీపాలు వెలిగిస్తే చేపలు తొందరగా ఈడుకు రావు, తిన్నది ఒంటికి పడుతుంది. సీ బాస్‌లోనూ అంతే. ఇది తెలిసి, లెక్కతో చేసే పని. నాకు దిగులు కలిగించేది లెక్క లేకుండా నీళ్లలో పడే వెలుగు. వంతెన దీపాలు, ఒడ్డున వీధిదీపాలు, రేవుల్లో ఫ్లడ్‌లైట్లు. 2015లో జర్మనీలో యూరోపియన్ పెర్చ్ చేపల మీద చేసిన పరిశోధనలో రాత్రిపూట 1 లక్స్ వెలుతురుకే మెలటోనిన్ తగ్గిపోయింది. లక్స్ అంటే వెలుతురును కొలిచే కొలత. నిండు పున్నమి వెన్నెల కూడా లక్స్‌లో మూడో వంతు దాటదు. వీధిదీపం కింద నిలబడితే అంతకు ఎన్నో రెట్లు. అదే పరిశోధనలో కార్టిసాల్ పెరగలేదు. దీన్ని చూసి కొందరు, టెన్షన్ లేదు కాబట్టి చేపకు ఏం కాలేదు అంటారు. నేను ఒప్పుకోను. టెన్షన్ పడకుండానే ఒక ప్రాణి రాత్రిని పోగొట్టుకోవచ్చు. చేప రెప్ప వేయలేదు, తలుపు వేసుకోలేదు. పీనియల్ మీది కిటికీకి కర్టెన్ లేదు.

వెలుగే అసలు లేకపోతే ఏమవుతుందో చూపే చేప కూడా ఉంది. సోమాలియాలో నేల కింది గుహల నీళ్లలో కళ్లు లేని చేప ఒకటి లక్షల ఏళ్లుగా చీకట్లోనే బతుకుతోంది. దాని ఒంట్లో వెలుగును పట్టే ప్రోటీన్లు కొన్ని పాడైపోయాయని 2011లో తేలింది. వెలుగు దాని గడియారాన్ని సర్దలేదు. కానీ గడియారం చావలేదు. రోజూ ఒకే వేళకు తిండి వేస్తే దానికి లయ కుదురుకుంటుంది. వదిలేస్తే దాని రోజు మన గంటల్లో దాదాపు 47.

మళ్లీ మన గదికి వద్దాం, తెల్లవారబోతోంది. ఆఖరి రక్తం తీసేశాం. ఎర్ర లైటు ఆర్పాం. లైట్లు ఒక్కసారిగా వెలగకుండా, నెమ్మదిగా పొద్దు ఎక్కినట్టు పెరిగేలా టైమర్ పెట్టాం. 14 గంటల పగలు, 10 గంటల రాత్రి మీద ఉంచిన మెడాకా ట్యాంకు ముందు నిలబడ్డాను. పగలు 13 గంటల కంటే బాగా తగ్గితే ఈ చేపలు గుడ్లు పెట్టడం మానేస్తాయి. ఇప్పుడు మాత్రం వాటి రక్తంలో మెలటోనిన్ పడిపోతోంది. గుడ్లు విడుదలవ్వమని పిట్యూటరీ ఎన్నో గంటల ముందే చెప్పేసింది. మగచేప ఆడచేప ముందు గుండ్రంగా ఒక చుట్టు తిరుగుతుంది, రెండూ పక్కపక్కన ఒరిగి కాసేపు వణుకుతాయి. లైటు వెలిగి గంట కాకముందే ఆడచేప కడుపు కింద గాజుపూసల గుత్తిలా గుడ్లు వేలాడుతున్నాయి.

ఇక మీ ప్రశ్నలు అడగండి.